కట్టడం పనిలో దెబ్బ తగిలితే జవాబు చెప్పాల్సింది ఎవరు?

వరి కోతలు అయిపోయి వానలు మొదలయ్యేలోపల మన ఇందుకూరుపేట చుట్టుపక్కల ఇళ్ల పనులు ఊపందుకుంటాయి. పొలం పని లేని రోజుల్లో మగవాళ్లు సెంట్రింగుకు, రాడ్లు కట్టడానికి, ఆడవాళ్లు ఇసుక, కంకర మోయడానికి వెళ్తారు. మైపాడు, గంగపట్నం వైపు నుంచి కొందరు రోజూ నెల్లూరుకు, మరికొందరు కృష్ణపట్నం వైపు పెద్ద పనులకు పోతారు. ఆ నెలల్లోనే మన కాజువాల్టీకి పరంజా మీద నుంచి పడినవాళ్లు, కాలికి మేకు దిగినవాళ్లు, కంట్లో సిమెంటు పాలు పడినవాళ్లు ఎక్కువగా వస్తారు.

వచ్చిన ప్రతివారినీ మా సిస్టర్లు మూడు ప్రశ్నలు అడుగుతారు. దెబ్బ ఎలా తగిలింది? ఎక్కడ తగిలింది? ఎవరి పనిలో ఉండగా తగిలింది? మొదటి రెండింటికి జవాబు వెంటనే వస్తుంది. మూడోది అడిగేసరికి రోగి తన పక్కన నిలబడిన మనిషి ముఖంలోకి చూస్తాడు. ఆ మనిషి చాలాసార్లు మేస్త్రి అయి ఉంటాడు. "ఇంట్లో మెట్ల మీద జారిపడ్డాడని రాసుకోండి సిస్టరమ్మా, పోలీసులు, కేసులు మాకెందుకు" అంటాడు. రోగి తల ఊపుతాడు. రేపు మళ్లీ అదే మేస్త్రి దగ్గరకు పనికి పోవాలి కదా.

ఆ ఒక్క మాట వల్ల ఆ కుటుంబం ఎంత పోగొట్టుకుంటుందో కింద లెక్కతో సహా రాశాను. అసలు ఆ మనిషి పడకుండా చూసే బాధ్యత చట్టం ఎవరి మీద పెట్టిందో, మేస్త్రి అంటే సబ్ కాంట్రాక్టరు ఏమేం చెయ్యాలో ముందు తెలుసుకుందాం. మన సంఘాల్లో కూలికి పోయేవాళ్లూ ఉన్నారు, మేస్త్రులూ ఉన్నారు, ఇల్లు కట్టించేవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఇది అందరూ చదవవలసిన విషయం.

ఒక పని, నలుగురు యజమానులు

పెద్ద పని ఏదైనా తీసుకోండి. పని సొంతదారు ఒక కంపెనీకి కాంట్రాక్టు ఇస్తాడు. ఆ కంపెనీ సెంట్రింగు ఒకరికి, రాడ్డు పని ఒకరికి, కరెంటు పని ఇంకొకరికి సబ్ కాంట్రాక్టు ఇస్తుంది. ఆ సబ్ కాంట్రాక్టరు ఊళ్లలో ఉండే గుంపు మేస్త్రికి కబురు చేస్తాడు. మేస్త్రి తెల్లవారుజామున ఆటోలో పదిమందిని ఎక్కించుకొని పోతాడు. కూలివాడికి తెలిసిన యజమాని ఆ మేస్త్రి ఒక్కడే. పైన ఉన్న కంపెనీ పేరు అడిగితే చాలామంది చెప్పలేరు.

ఒక్కో మెట్టు దిగేకొద్దీ డబ్బు కొంత తగ్గుతూ వస్తుంది. చివరి మెట్టు మీద ఉన్న మేస్త్రి చదరపు అడుగుకు ఇంత అని ఒప్పుకొని ఉంటాడు. కూలి తగ్గిస్తే మనుషులు రారు, సిమెంటు తగ్గిస్తే ఇంజనీరు పట్టుకుంటాడు. ఇక తగ్గించగలిగేది బెల్టు, చెప్పాలంటే పలకకు పలకకు మధ్య కట్టే తాడు కూడా. మేస్త్రులను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. వాళ్లలో చాలామంది నిన్నటిదాకా తట్ట మోసినవారే, వాళ్ల తమ్ముళ్లు, బావమరుదులే ఆ పరంజా ఎక్కుతున్నారు. కానీ పనిచోట ప్రమాదానికి అందరికంటే దగ్గరగా ఉండేది, ఆపగలిగేది కూడా వాళ్లే.

ఒకేచోట నాలుగు సంస్థల మనుషులు పనిచేసేటప్పుడు ఏం జరగవచ్చో విశాఖపట్నంలో చూశాం. 2020 ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో క్రేనుకు బరువు పరీక్ష చేస్తుండగా అది కూలిపోయి 11 మంది చనిపోయారు. వారిలో యార్డు సొంత ఉద్యోగులు నలుగురే. మిగిలిన ఏడుగురు కాంట్రాక్టు సంస్థల తరఫున వచ్చినవారు. క్రేను పడేటప్పుడు ఎవరు ఏ సంస్థ మనిషి అని చూడదు. అందుకే చట్టం కూడా ఆ తేడా చూపకుండా పైనుంచి కిందిదాకా అందరి మీదా బాధ్యత పెట్టింది.

చట్టం ఏమంటుంది?

కాంట్రాక్టు కూలీల కోసం 1970లో ఒక చట్టం, భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో మరొక చట్టం వచ్చాయి. వీటినీ, మరికొన్ని పాత చట్టాలనూ కలిపి పార్లమెంటు 2020లో వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అనే ఒకే చట్టం చేసింది. అది 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. పేరు పొడవుగా ఉంది గానీ కూలివాడికి, మేస్త్రికి అవసరమైన సంగతులు అందులో కొన్నే.

పనిలో పెట్టుకున్న ప్రతి మనిషికీ నియామక పత్రం ఇవ్వాలి. ఆటోలో ఎక్కించుకొని పోయే మేస్త్రికి ఇది వింతగా ఉండవచ్చు. ఒక కాగితం మీద పేరు, పని, కూలి, పనిలో చేరిన తేదీ రాసి సంతకం పెట్టి ఇవ్వడం పెద్ద కష్టం కాదు. హెల్మెట్, బెల్టు, బూట్లు, వైద్య పరీక్ష వంటి భద్రత ఖర్చు ఏదీ కూలిలో పట్టుకోకూడదు. "బెల్టుకు వారం కూలి పట్టుకుంటా" అని మేస్త్రి అంటే అది చట్టవిరుద్ధం. ఇక్కడ ప్రమాదం ఉంది అని కార్మికుడికి అనిపిస్తే వెంటనే యజమానికి చెప్పే హక్కు ఉంది. చెప్పిన తర్వాత సరిచెయ్యకపోతే తప్పు యజమానిది. ఇచ్చిన హెల్మెట్ పెట్టుకోవడం, ఇచ్చిన బెల్టు తగిలించుకోవడం కార్మికుడి బాధ్యత. అదీ చట్టంలోనే ఉంది.

50 మంది, అంతకు మించి కాంట్రాక్టు కూలీలు ఉన్నచోట తాగునీరు, మరుగుదొడ్డి, విశ్రాంతి గది, ప్రథమ చికిత్స వంటివి ఏర్పాటు చేయవలసింది అసలు యజమాని. సబ్ కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అది చెల్లించవలసింది కూడా అసలు యజమానే. 250 మంది దాటిన నిర్మాణంలో సేఫ్టీ ఆఫీసరు ఉండాలి. భద్రత పట్టించుకోనందువల్ల మనిషి చనిపోతే రెండేళ్ల వరకు జైలు, లేక 5 లక్షలకు తగ్గని జరిమానా, లేక రెండూ పడవచ్చు. ఆ జరిమానాలో సగానికి తగ్గకుండా బాధిత కుటుంబానికి ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది.

పెద్ద పనులు జరిగేచోట సబ్ కాంట్రాక్టరు గేటు దాటాలంటే అడిగేవి ఇవీ: తన మనుషుల జాబితా, గుర్తింపు కార్డులు, వారికి ఇ.ఎస్.ఐ. గానీ నష్టపరిహార పాలసీ గానీ ఉన్నట్టు కాగితం, ఎత్తు మీద పనిచేసేవారికి డాక్టరు ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్ కోసం మన ఓ.పి.కి వచ్చేవారికి ఒక మాట. మూర్ఛ, తల తిరగడం, అదుపులో లేని బి.పి., షుగరు ఉంటే డాక్టరుగారి దగ్గర దాచకండి. నేల మీద చెయ్యగలిగిన పనులు ఎన్నో ఉన్నాయి. మూడో అంతస్తులో మూర్ఛ వస్తే పట్టుకునేవారు ఉండరు.

పరంజా, గొయ్యి, కరెంటు, సంపు

మేస్త్రులు రోజూ చూడవలసినవి ఇప్పుడు చెబుతాను. ఇవి పుస్తకంలో చదివి చెప్పేవి కొన్ని, వార్డులో ఎముకలు విరిగినవారి మంచాల పక్కన నిలబడి తెలుసుకున్నవి కొన్ని.

మన వైపు పరంజాకు సరుగుడు కర్రలు వాడతారు. కర్ర మంచిదే, తాడు పాతదై ఉంటుంది. ఉప్పుగాలికి తాడూ కుళ్లుతుంది, ఇనుప క్లాంపూ తుప్పు పడుతుంది. వారం రోజులు వాన కురిసి వెలిసిన తర్వాత పరంజా ఎక్కేముందు ప్రతి కట్టూ చేత్తో లాగి చూడాలి. నిలబడే చోట ఒకే పలక వేసి దాని మీద నడవమనడం చాలాచోట్ల చూస్తున్నాం. పలకలు పక్కపక్కనే ఖాళీ లేకుండా వెయ్యాలి, రెండు చివరలా కట్టాలి, బయటివైపు నడుము ఎత్తున అడ్డుకర్ర ఉండాలి. నిచ్చెన నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు దూరం లెక్కన వాల్చాలి. పైన దిగేచోటు కంటే ఇంకో మూడడుగులు పైకి ఉండాలి. బెల్టు నడుముకు కట్టుకొని దాని కొక్కెం గాలిలో వేలాడదీసుకొని పనిచేసేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. కొక్కెం గట్టి చోట తగిలించకపోతే ఆ బెల్టు ఉండీ లేనట్టే. ఇంకొక సంగతి, నడుముకు మాత్రమే ఉండే పాతరకం బెల్టుతో పడితే ఆ కుదుపుకే వెన్ను, పొట్టలోని అవయవాలు దెబ్బతినవచ్చు. భుజాలకు, తొడలకు కూడా పట్టీలు ఉన్న బెల్టు కొనండి.

హెల్మెట్ పెడితే చెమట పడుతుందని తువ్వాలు చుట్టుకుంటారు. తువ్వాలు ఎండను ఆపుతుంది, ఇటుకను ఆపదు. తువ్వాలు పల్చగా చుట్టుకొని పైన హెల్మెట్ పెట్టుకోవచ్చు, కింద పట్టీ బిగించాలి.

పునాది గోతుల విషయంలో మనది ఇసుక నేల. పెన్నకు, సముద్రానికి దగ్గర కావడంతో కొద్ది లోతులోనే నీరు ఊరుతుంది. ఐదడుగుల లోతు దాటిన గొయ్యికి పక్కలకు పలకలు, ఊతకర్రలు పెట్టాలన్నది మామూలు నియమం. ఇసుకలో అంతకంటే తక్కువ లోతుకే గట్టు జారుతుంది. తవ్విన మట్టిని గొయ్యి అంచునే పొయ్యకూడదు, నాలుగడుగులైనా దూరంగా వెయ్యాలి. గుండె వరకు మట్టిలో కూరుకుపోయిన మనిషి తల బయట ఉన్నా ఊపిరి తీసుకోలేడు, ఎందుకంటే ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ విచ్చుకోవడానికి చోటు ఉండదు. అటువంటప్పుడు చేతులు పట్టి లాగకండి. ముందు ఛాతీ చుట్టూ మట్టి తీసేయండి.

కరెంటు గురించి. స్లాబు వేసే రోజు వైబ్రేటరు వైరు తడి కాంక్రీటులో పడి ఉంటుంది. దానికి ప్లగ్గు లేకుండా రెండు తీగలు బోర్డు రంధ్రాల్లో అగ్గిపుల్లలతో గుచ్చుతారు. ఇది ఆపాలి. లీకు కరెంటుకు వెంటనే ఆఫ్ అయ్యే స్విచ్చులు బజారులో దొరుకుతాయి, ఆ రోజుకైనా మెయిను దగ్గర పెట్టించండి. ఇంటి పైనుంచి, పక్కనుంచి 11 కె.వి. లైను పోతుంటే పొడవాటి రాడ్లు నిలువుగా పైకి ఎత్తకూడదు. ఆ తీగను తాకకపోయినా, బాగా దగ్గరికి పోతే చాలు కరెంటు దూకుతుంది. పని మొదలుపెట్టకముందే కరెంటు ఆఫీసుకు అర్జీ పెట్టుకొని లైను మార్పించుకోవాలి, లేకపోతే ఆ కాసేపు సప్లై తీయించాలి.

అన్నిటికంటే తక్కువ మందికి తెలిసిన ప్రమాదం కొత్త సంపులో ఉంది. నీళ్ల సంపు గానీ సెప్టిక్ ట్యాంకు గానీ కట్టి పైన స్లాబు వేసి, రెండు మూడు వారాల తర్వాత లోపలి సెంట్రింగు చెక్కలు తీయడానికి మనిషి దిగుతాడు. కొత్త సంపు కదా, మురికి లేదు కదా, గ్యాసు ఎందుకుంటుంది అనుకుంటారు. కానీ మూసిన చోట తడిసిన చెక్కలు కుళ్లుతూ లోపలి ప్రాణవాయువును తినేస్తాయి. వాసన ఉండదు, ఊపిరాడనట్టు ముందుగా తెలియదు. దిగినవాడు నిమిషంలోనే కళ్లు తిరిగి పడిపోతాడు. వాడిని లేపుదామని అన్న దిగుతాడు, అన్న కోసం మేస్త్రి దిగుతాడు. మన రాష్ట్రంలో సంపులు, సెప్టిక్ ట్యాంకుల వార్తల్లో ఒకరి వెనక ఒకరు ఇద్దరు ముగ్గురు చనిపోవడం ఇందుకే. కాబట్టి సంపు మూత ముందురోజే తెరిచిపెట్టండి. టేబుల్ ఫ్యాను గానీ బ్లోయరు గానీ పెట్టి గాలి లోపలికి కొట్టించండి. దిగేవాడి ఛాతీకి తాడు కట్టి, పైన ఇద్దరు పట్టుకొని ఉండండి, మాట్లాడిస్తూ ఉండండి. జవాబు రాకపోతే తాడుతో పైకి లాగాలి. ఎవరూ దిగకూడదు, కన్నతండ్రి అయినా సరే. కొవ్వొత్తి వెలిగించి దింపి చూసే పాత పద్ధతి మీద ఆధారపడవద్దు. మండే గ్యాసు ఉంటే అదే పెద్ద ప్రమాదం తెస్తుంది.

కూలీలు పడుకునే చోటు కూడా సబ్ కాంట్రాక్టరు చూడవలసిందే. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. అందులో మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వలస పోయినవారు చాలామంది. పదిరోజులు తిరగకముందే జూలై 6న చెన్నైకి ఉత్తరాన ఉప్పరపాళెంలో గోడ కూలి, దాని పక్కన గుడిసెల్లో నిద్రపోతున్న 11 మంది పోయారు, వాళ్లలోనూ ఆంధ్రా కూలీలే ఎక్కువ. పదేళ్ల తర్వాత 2024 మే 7న హైదరాబాదు బాచుపల్లిలో రాత్రి వానకు గోడ పడి ఏడుగురు వలస కూలీలు చనిపోయారు, వారిలో చిన్న పిల్లవాడు కూడా ఉన్నాడు. ఈసారి వారు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వారు. ఎత్తయిన గోడ కింద, తవ్విన గొయ్యి అంచున రేకుల షెడ్లు వెయ్యకూడదు. పనికి పోయే మన పిల్లలు ఫోను చేసినప్పుడు తిన్నావా అని అడుగుతాం. ఎక్కడ పడుకుంటున్నావు అని కూడా అడగండి.

మన ఊళ్లో చిన్న ఇళ్ల సంగతి

పైన చెప్పిన కోడ్ పదిమందికి తక్కువ పనిచేసేచోట వర్తించదు. 50 లక్షల లోపు ఖర్చుతో సొంతంగా ఉండడానికి కట్టుకునే ఇంటికీ వర్తించదు. అంటే మన మండలంలో కట్టే ఇళ్లలో చాలావాటికి ఇన్‌స్పెక్టరు రాడు. అడిగేవాడు లేడు కాబట్టి ఇక్కడే జాగ్రత్త తక్కువ. నా ఉద్దేశంలో ఇల్లు కట్టించేవారే అడగాలి. మేస్త్రితో బేరం మాట్లాడుకునేటప్పుడు సిమెంటు ఏ కంపెనీది, ఇసుక ఎక్కడిది అని గంటసేపు మాట్లాడతాం. పరంజా కొత్త తాళ్లతో కడతావా, మనుషులకు పాలసీ చేయించావా అని ఆ గంటలో అడగడానికి రెండు నిమిషాలు చాలు. నష్టపరిహార పాలసీ ఇన్సూరెన్సు కంపెనీల్లో కొద్ది నెలల పనికి కూడా దొరుకుతుంది. దాని ప్రీమియం ఇంటి ఖర్చులో లెక్కపెట్టుకుంటే మేస్త్రి మీద భారం ఉండదు.

కూలీలు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో సభ్యులుగా చేరాలి. మన రాష్ట్రంలో ఈ బోర్డు 2007లో ఏర్పడింది. 18 నుంచి 60 ఏళ్లలోపు ఉండి, గడిచిన సంవత్సరంలో 90 రోజులు కట్టడం పని చేసినవారు చేరవచ్చు. ఆ 90 రోజుల పనికి రుజువు మేస్త్రే ఇవ్వాలి. తట్ట మోసే ఆడవాళ్లు తామూ నిర్మాణ కార్మికులమేనని అనుకోకపోవడం వల్ల చేరడం లేదు. చేరండి అమ్మా.

దెబ్బ తగిలిన వెంటనే

ఎత్తు నుంచి పడినవారిని చేతులు, కాళ్లు పట్టి ఎత్తి ఆటోలో కూర్చోబెట్టి తీసుకొస్తారు. వెన్నుపూస విరిగి ఉంటే ఆ ఎత్తడంలోనే నరం తెగి నడుము కింద చచ్చుబడవచ్చు. పడినప్పుడు కదిలిన కాళ్లు ఆసుపత్రికి చేరేసరికి కదలకపోవడానికి ఇదొక కారణం. 108కి ఫోను చేయండి. ఆలోపు కదిలించకండి, మెడకు రెండు పక్కలా ఇసుక మూటలు గానీ మడిచిన గోతాలు గానీ పెట్టండి. తప్పనిసరిగా తరలించవలసి వస్తే సెంట్రింగు పలక పనికొస్తుంది. నలుగురు కలిసి తల, భుజాలు, నడుము, కాళ్లు ఒకే వరుసలో ఉంచి ఒక్కసారిగా పక్కకు తిప్పి పలక జరపండి. నీళ్లు, సోడా తాగించకండి. ఆపరేషను అవసరమైతే అవి అడ్డం.

రాడ్డు గుచ్చుకుంటే పీకకండి. బయటి భాగం కదలకుండా బట్టలతో చుట్టి తీసుకురండి. కరెంటు కొట్టినవారిని తాకేముందు మెయిను తీయండి. లేచి కూర్చొని బాగానే ఉన్నాను అన్నా ఇ.సి.జి. తీయించాలి, గుండె లయ తర్వాత తప్పవచ్చు.

సిమెంటు పాలు, సున్నం కంట్లో పడితే అక్కడికక్కడే మంచినీళ్లతో 20 నిమిషాలు ఆపకుండా కడగండి. రెప్ప కింద ముద్ద ఉంటే తడిబట్ట కొనతో తీసేయండి. కడగకుండా ఆసుపత్రికి పరుగెత్తితే దారిలోనే నల్లగుడ్డు కాలుతుంది. నూనె, చనుబాలు పొయ్యవద్దు. స్లాబు రోజు హవాయి చెప్పులతో తడి కాంక్రీటులో నిలబడేవారికి కూడా ఒక హెచ్చరిక. తడి సిమెంటు క్షారం, చర్మాన్ని మెల్లగా కాలుస్తుంది. పనిచేస్తున్నప్పుడు నొప్పి తెలియదు, రాత్రి పడుకున్నాక కాళ్లు మండుతాయి, తెల్లారేసరికి చర్మం నల్లగా ఊడుతుంది. మోకాళ్ల దాకా గమ్ బూట్లు మేస్త్రి ఇవ్వాలి.

గ్రానైటు, టైల్సు కోసే కుర్రాళ్ల దగ్గు సంగతి వేరే రాయాలి. ఇప్పటికి, నీళ్లు పోస్తూ కొయ్యండి, దగ్గు రెండు వారాలు దాటితే ఎక్స్‌రేకు రండి, కోత పని చేస్తానని డాక్టరుగారికి చెప్పండి. లేకపోతే రాతి దుమ్ము జబ్బును టి.బి. అనుకునే వీలుంది.

కాజువాల్టీలో నిజం చెప్పండి

ఇప్పుడు ఆ మూడో ప్రశ్నకు వద్దాం. పనిలో దెబ్బ తగిలిందని చెబితే మేము ఎం.ఎల్.సి. రిజిస్టరులో రాసి పోలీసులకు తెలియజేస్తాం. అలా చేస్తే వైద్యం ఆలస్యమవుతుందని భయపడవద్దు. ముందు వైద్యం, తర్వాతే కాగితాలు అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. ఏ ఆసుపత్రి అయినా దాన్ని పాటించాలి.

పనిలో ఉండగా దెబ్బతిన్నవారికి నష్టపరిహారం ఇవ్వాలన్న చట్టం 1923 నుంచి ఉంది. 2025 నవంబరు 21 నుంచి అది సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది. లెక్క మాత్రం పాత పద్ధతిలోనే ఉంది. మనిషి చనిపోతే నెల జీతంలో సగాన్ని వయసుకు సంబంధించిన ఒక అంకెతో హెచ్చిస్తారు. ఈ లెక్కకు తీసుకునే జీతం పరిమితిని కేంద్రం 2020 జనవరిలో 15,000 చేసింది. 30 ఏళ్ల వయసుకు అంకె 207.98. అంటే 7,500 ఇంటూ 207.98, మొత్తం 15,59,850 రూపాయలు. 40 ఏళ్లవాడికి అంకె 184.17, మొత్తం 13,81,275. బతికి, ఇక ఏ పనీ చెయ్యలేని స్థితిలో ఉంటే సగానికి బదులు జీతంలో 60 శాతం లెక్క, 30 ఏళ్లవాడికి 18,71,820 వస్తుంది. ఒక చెయ్యి, ఒక వేలు పోయినా దాని శాతం ప్రకారం కొంత వస్తుంది. ఇ.ఎస్.ఐ. ఉన్నవారికి ఈ దారి కాకుండా ఇ.ఎస్.ఐ. నుంచి పింఛను వస్తుంది. ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్.టి.ఆర్. వైద్య సేవ కింద ఆపరేషను ఉచితంగా జరిగిందని నష్టపరిహారం పోదు. అవి రెండూ వేరు.

కంపెనీ తన వ్యాపారంలో భాగమైన పనిని సబ్ కాంట్రాక్టరుకు ఇచ్చినా, ఈ పరిహారం కంపెనీ నుంచే అడగవచ్చు. కంపెనీ తర్వాత సబ్ కాంట్రాక్టరు నుంచి రాబట్టుకుంటుంది. "మేస్త్రి దగ్గర అంత డబ్బు లేదు కదా" అని వదిలేసుకోనక్కరలేదు.

కుటుంబాలను భయపెట్టే మాటలు రెండున్నాయి. ఒకటి, "తాగి ఎక్కాడు, మీకేమీ రాదు". చిన్న దెబ్బలకు ఆ వాదన పనిచేయవచ్చు గానీ, మనిషి చనిపోయినా, శాశ్వతంగా పూర్తిగా పని చెయ్యలేకపోయినా తాగాడన్న కారణంతో పరిహారం ఆపడానికి వీల్లేదు. బెల్టు పెట్టుకోలేదన్న కారణానికీ ఇదే వర్తిస్తుంది. రెండోది, దినకర్మలలోపే ఇంటికి వచ్చి యాభైవేలో లక్షో చేతిలో పెట్టి స్టాంపు కాగితం మీద "ఇక ఏ హక్కూ లేదు" అని వేలిముద్ర వేయించుకోవడం. మరణ పరిహారం కార్మిక శాఖ అధికారి దగ్గర జమ చెయ్యాలి. ఆయనే భార్యాపిల్లలకు, తల్లిదండ్రులకు పంచుతాడు. నేరుగా చేతికిచ్చినది పరిహారం కింద చెల్లదు, హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న కాగితమూ చెల్లదు. అంత్యక్రియల ఖర్చుకు ఎవరైనా సాయం చేస్తే తీసుకోండి, వేలిముద్ర మాత్రం వేయకండి. రెండేళ్లు దాటకముందే నెల్లూరులోని కార్మిక శాఖ కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోవాలి.

ఆ దరఖాస్తుకు కావలసిన మొదటి రుజువు మన కాజువాల్టీ చీటీ. అందులో "ఇంట్లో జారిపడ్డాడు" అని ఉంటే, ఏడాది తర్వాత ఎంతమంది సాక్షులు వచ్చి కాదని చెప్పినా వకీలు ఆ చీటీనే చూపిస్తాడు. రాసినదాన్ని మార్చమని ఆర్నెల్ల తర్వాత మా దగ్గరకు వచ్చే భార్యలున్నారు. మేము మార్చలేము, ఎవరూ మార్చకూడదు కూడా. అందుకని మొదటిరోజే పనిచోటు పేరు, మేస్త్రి పేరు, పైన కంపెనీ పేరు తెలిస్తే అదీ చెప్పండి. చీటీ, ఎక్స్‌రే, డిశ్చార్జి కాగితం అసలువి మీ దగ్గరే ఉంచుకోండి, జిరాక్సులు మాత్రమే ఇవ్వండి. కూలి డబ్బు ఫోను ద్వారా పంపి ఉంటే ఆ మెసేజీలు చెరపకండి. అవి కూడా ఆ మేస్త్రి దగ్గర పనిచేశాడనడానికి రుజువే.

మేస్త్రులకు ఇదే మాట ఇంకోవైపు నుంచి. పాలసీ ఉన్నచోట నిజం చెబితే డబ్బు ఇన్సూరెన్సు కంపెనీ కడుతుంది. అబద్ధం రాయిస్తే పాలసీ కూడా పనికిరాదు, కేసు పడితే అంతా మీ నెత్తిన పడుతుంది.

ప్రతి పనిచోట ఉంచవలసిన ప్రథమ చికిత్స పెట్టెలో ఏమేం ఉండాలో మా డ్రస్సింగ్ రూము సిస్టరును అడిగితే రాసిస్తుంది. మన చుట్టుపక్కల మేస్త్రులు తమ గుంపును, పదిమంది అయినా సరే, తీసుకొని వస్తే ఓ.పి. అయిపోయాక మధ్యాహ్నం పూట పలక మీదకు ఎత్తడం, రక్తం ఆపడం, గుండె ఆగితే ఛాతీ నొక్కడం చేయించి చూపిస్తాం. ఫీజు ఏమీ లేదు. ముందురోజు కబురు చేయండి, వచ్చేటప్పుడు ఒక సెంట్రింగు పలక, మీ పరంజాకు వాడే తాడు ఒకటి తెచ్చుకోండి.